మాస్టారు గీసిన పిస్టల్

"గట్టిగా పట్టుకోండి!"

ఆమె మాట పూర్తవకుండానే జీపు ఎగిరిపడింది.

భర్త తల వెళ్లి టాపుకి కొట్టుకుంది. కళ్ల ముందు చుక్కలు!

బయట ఇంకా చీకటి. తెల్లారడానికి చాలా టైముంది. హెడ్‌లైట్ల వెలుగులో ఒక బైకు. బైకు మీద బక్కపలచని మనిషి. వెనక్కి తిరిగి చూస్తున్నాడు... మళ్లీ చూస్తున్నాడు...

"వాడేనా?"

"వాడే. పిల్లి."

"పిల్లి ఏంటి?"

"గోడలు దూకుతాడని మేం పెట్టిన పేరు. ఏవండీ... ఇప్పుడు మాట్లాడకండి. నాలుక తెగుతుంది."

నోరు మూసుకున్నాడు.

స్టీరింగ్ ఆమె చేతిలో ఉంది. డ్రైవర్‌కి నిన్నే సెలవిచ్చి పంపించేసింది. బైకు ఎడమకి తిరిగింది. జీపూ ఎడమకే! బైకు సందులోకి దూరింది. జీపూ సందులోకే! రెండు వైపులా గోడలు... అద్దం ఒకటి టప్పున విరిగి ఎగిరిపోయింది.

పెళ్లయ్యాక భార్య పక్కన ఇంతసేపు కూర్చోవడం అతనికి ఇదే మొదటిసారి. అదీ ఇంత స్పీడులో!

కూరగాయల మార్కెట్. అడ్డంగా లారీలు. దించుతున్న బుట్టలు. జనం అరుపులు. రెండు లారీల మధ్య సందులోంచి బైకు జారిపోయింది.

కీచుమని బ్రేకు!

"దిగకండి!"

ఆమె దూకేసింది. చేతిలో రివాల్వర్. ఖాకీ డ్రెస్సు చీకట్లో కలిసిపోయింది.

అతనొక్కడే మిగిలాడు. ఇంజన్ ఆడుతోంది. వైర్‌లెస్‌లో ఎవరెవరో మాట్లాడుతున్నారు. అతనితో మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు. రోజూ ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తాడు. ఇవాళ జీపులో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అంతే తేడా.

ఆమె తిరిగొచ్చింది. ఒంటరిగానే. రొప్పుతోంది. సీట్లో కూలబడి మైకు లాక్కుంది.

"కంట్రోల్! పిల్లి బైకు వదిలేసి గోడ దూకాడు. మార్కెట్ వెనక. అందరూ జాగ్రత్త... వాడి చేతిలో గన్ ఉంది. రిపీట్... గన్ ఉంది!"

అతను కళ్లార్పాడు.

బైకు మీద వాడి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. ఇంతసేపూ వాటినే చూశాడు.

"గన్ ఉందా?" అని అడిగాడు మెల్లిగా.

"మీరు చూళ్లేదా?"

"చీకటి కదా..."

"నేను చూశాను." ఆమె అతని కళ్లలోకి చూసింది. "మీకు కనిపించి ఉండదు."

నిజమే కావచ్చు. అతను స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. మామిడిపండుకి నీడ ఎటు పడుతుందో తెలుసు గానీ, దొంగ చేతిలో ఏముంటుందో తనకేం తెలుసు?

* * *

వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఒక రూలుంది.

ఏడాదికొక రోజు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లి డ్యూటీ చూపించవచ్చు. పోలీసుల ఇళ్లలో గొడవలు ఎక్కువైపోతున్నాయని ఎవరో పెద్దాఫీసర్ పెట్టాడు. మొన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "ఏవండీ, ఎల్లుండి స్కూలుకి లీవు పెట్టండి. నాతో డ్యూటీకి రండి" అంటే అతను రెండుసార్లు అడిగాడు, నాతోనేనా మాట్లాడుతున్నావని.

రాత్రే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. నిద్ర పట్టలేదు.

అతనికి కాపురమంటే రెండు కంచాలు కడిగి, ఒకదాని మీద మూత పెట్టడం. తాళం తిప్పిన చప్పుడు వినగానే దుప్పట్లో కళ్లు మూసుకుని నిద్ర నటించడం. ఎందుకంటే మేలుకుని కనిపిస్తే ఆమె, "ఇంకా పడుకోలేదా?" అని విసుక్కుంటుంది. పొద్దున లేచేసరికి తీగ మీద ఆమె యూనిఫామ్ ఆరుతుంటుంది. మనిషి ఉండదు. తను యూనిఫామ్‌తోనే కాపురం చేస్తున్నానని స్టాఫ్‌రూంలో జోకేస్తాడు. అందరూ నవ్వుతారు. ఇంటికొచ్చాక ఆ జోకు అతనికే నవ్వు తెప్పించదు.

"ఈ పిల్లి ఏం చేశాడు?" అని అడిగాడు. తెల్లారుతోంది. జీపు స్టేషన్ దారి పట్టింది.

"లాకప్‌లో ఒకణ్ణి చంపాడు."

"లాకప్‌లోనా!"

"ఒక పాప కనిపించకుండా పోయింది. అనుమానం మీద ఒక వ్యాన్ డ్రైవర్ని తెచ్చాం. లాకప్‌లో వాడూ, పిల్లీ... ఇద్దరే ఉన్నారు. పొద్దున చూస్తే డ్రైవర్ శవం ఉంది. పిల్లి లేడు." ఆమె గేరు మార్చింది. "ఎవరు చంపారో చెప్పడానికి చదువుకోవాలా?"

"మరి పాప?"

"మేనత్త ఇంట్లో దొరికింది. అలిగి వెళ్లిందట."

"అంటే ఆ డ్రైవర్..."

"ఏవండీ, ఆ సంగతి వదిలేయండి."

వదిలేశాడు.

* * *

స్టేషన్‌లో అడుగుపెట్టాక ఆమె తన గదిలోకి వెళ్లిపోయింది. అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒకామె ఏడుస్తోంది. ఇంకొకాయన పోయిన ఫోన్ గురించి గొణుగుతున్నాడు.

కొత్తగా చేరిన కానిస్టేబుల్ వచ్చాడు.

"మీ కంప్లైంటేంటి సార్?"

"నా భార్య కనిపించడం లేదు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లయినప్పట్నుంచి."

కానిస్టేబుల్ నోరు తెరిచాడు. మూలన కూర్చున్న ముసలి కానిస్టేబుల్ గొల్లున నవ్వాడు. ఆయన్ని స్టేషనంతా బాబాయ్ అంటుంది. "ఒరే, ఆయన మన మేడం గారి మాస్టారురా!"

కొత్తవాడు ఎగిరి సెల్యూట్ కొట్టాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

బాబాయ్ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మిమ్మల్ని తీసుకొస్తున్నానని మేడం అంటే మేమెవరం నమ్మలేదు సార్. ఆ రూలొచ్చి చాలాకాలమైంది. ఇంతవరకూ ఎవరూ ఎవర్నీ తేలేదు. మేడమైతే, స్టేషనుకి మొగుణ్ణి తెచ్చుకుంటానా అని తిట్టేది. మొన్న ఉన్నట్టుండి తనే పర్మిషన్ అడిగింది."

అతని మొహం వెలిగిపోయింది.

తలుపు సందులోంచి ఆమె గది కనిపిస్తోంది. టేబుల్ కింద చెప్పుల జత. కిటికీలో దువ్వెన, చిన్న అద్దం. కుండీలో మొక్క. హ్యాంగర్‌కి చీర. ఇంట్లో కనిపించక అతను వెతికిన నీలం టవల్ ఆమె కుర్చీ వీపు మీద ఉంది. ఆమె ఇల్లు ఇదన్నమాట! తామున్న ఇంటికే చుట్టపుచూపుగా వస్తోందన్నమాట!

నడవా చివర లాకప్ ఉంది. కొత్తగా సున్నం కొట్టారు. ఫినాయిల్ వాసన ఘాటుగా వస్తోంది. అతను మొహం తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చాడు రైటర్. స్టేషన్‌లో రాతపనంతా ఆయనదే.

"మాస్టారూ! పొద్దున ఛేజింగ్‌లో మీరూ ఉన్నారటగా! లోపలికి రండి, ఇలా కుర్చీలో కూర్చోండి. ఒరే, మాస్టారికి టీ... మంచి కప్పులో!"

అతని చుట్టూ నలుగురు పోగయ్యారు.

"అబ్బో! భయమెయ్యలేదా సార్?"

"కొంచెం," అన్నాడు. "లారీల దగ్గర మాత్రం... అమ్మో!"

వింటున్నారు! అందరూ అతని మాటే వింటున్నారు. స్కూల్లో పిల్లలు కూడా ఇంత శ్రద్ధగా వినరు.

"వాడి చేతిలో గన్ మీరూ చూశారా?" అని అడిగాడు రైటర్.

ఒక్క క్షణం.

లేదు అంటే చాలు. కానీ లేదంటే మళ్లీ బెంచీ మీదకి వెళ్లాలి. ఆమె చూసినదాన్ని చూడలేని మొగుడు. ఆమె లోకానికి అవతల, తలుపు సందులోంచి తొంగిచూసే మనిషి. అతనికి ఆ బెంచీ వద్దు. ఈ కుర్చీ కావాలి!

"చూశాను," అన్నాడు.

నాలుక మీంచి జారిపోయింది. అంతే.

"శభాష్! ఎలాంటి గన్? నాటుదా?"

"అంటే... పాతది... తుప్పు పట్టినట్టు..."

"మీరు డ్రాయింగ్ మాస్టారు కదండీ! గీసి చూపించండి!"

తెల్లకాగితం వచ్చింది. పెన్సిల్ వచ్చింది. ఇక వెనక్కెలా వెళ్లడం? చిన్నప్పుడు అతనికొక బొమ్మ పిస్టల్ ఉండేది. పొట్టి గొట్టం. చెక్క పిడి. పిడి అడుగున తాడు కట్టుకోవడానికి ఇనప రింగు. అదే గీశాడు. పిడి మీద అడ్డగీతలు వేశాడు. కింద నీడ కూడా వేశాడు.

"అచ్చం ఫొటో!" అన్నాడు రైటర్. "కింద సంతకం చెయ్యండి మాస్టారూ."

చేశాడు.

ఆమె గదిలోంచి బయటికొచ్చింది. గుంపు విచ్చుకుంది. బొమ్మ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అతని మొహం చూసింది. అబద్ధమని ఆమెకి తెలుసు!

ఆమె అతని భుజం మీద చెయ్యేసింది. స్టేషనంతా చూస్తుండగా.

"బాగా గీశారండీ," అంది.

ఆ చెయ్యి తీసేశాక కూడా చాలాసేపు ఆ భుజం వెచ్చగానే ఉందతనికి.

* * *

మధ్యాహ్నం దాకా తిరిగారు. బస్టాండు. రైలు గేటు. పిల్లి చెల్లెలి ఇల్లు. ఎక్కడా లేడు. ఎండలో ఆమె మొహం నల్లబడింది. కళ్ల కింద గుంటలు.

ఫ్లైఓవర్ కింద నీడలో జీపాపింది. అతను బాక్సు విప్పాడు. ఇద్దరికీ తెచ్చాడు. అలవాటు.

"మీరే వండారా?"

"రోజూ నేనే వండుతాను."

"అవును కదా!" ఆమె నవ్వింది. ఒక ముద్ద కలిపి అతని నోటికి అందించింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అతనికి అవేవీ వినిపించలేదు.

"ఏవండీ... ఇవాళ్టితో అయిపోతుంది."

"ఏంటి?"

"ఈ తిరుగుడు. ఆఫీసు డ్యూటీ కావాలని అడిగాను. ఇస్తామన్నారు. ఈ ఒక్క కేసు అయిపోతే చాలు. పొద్దున వెళ్తాను. సాయంత్రం వచ్చేస్తాను. అందరిలాగే."

మూత పెట్టాల్సిన కంచం ఉండదు! నిద్ర నటించక్కర్లేదు!

ఆమె తల అతని భుజం మీద వాలింది. చెయ్యి కడుక్కోకుండానే నిద్రపోయింది. వైర్‌లెస్ రెండుసార్లు పిలిచింది. అతను లేపలేదు. భుజం తిమ్మిరెక్కింది. కదల్చలేదు. జీవితంలో ఇంత హాయైన తిమ్మిరి అతనికి తెలీదు.

ఫోన్ మోగింది!

ఆమె ఉలిక్కిపడి లేచింది. విన్నది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా పెట్టేసింది.

"దొరికాడా?"

"ఎక్కడున్నాడో తెలిసింది. చీకటి పడితే దొరుకుతాడు."

* * *

మూసేసిన స్విమ్మింగ్ పూల్. గేటుకి తుప్పు. గోడలకి పిచ్చిమొక్కలు. వీధి దీపాలు అప్పుడే వెలిగాయి.

జీపు లైట్లు ఆర్పేసింది ఆమె.

"మిగతా వాళ్లు?" అని అడిగాడు.

"వస్తున్నారు."

ఎవర్నీ పిలవలేదే! దారంతా పక్కనే ఉన్నాడు. పైగా ఆమె చెయ్యి వైర్‌లెస్ మీదకి వెళ్లింది... టక్... ఆపేసింది!

"రెండు నిమిషాలు. దిగకండి. చప్పుడు వినిపించినా దిగకండి."

వంగింది. సీటు కిందనుంచి ఒక గుడ్డ మూట తీసింది. గుడ్డ జారింది.

వీధి దీపం వెలుగు పడింది.

పొట్టి గొట్టం. చెక్క పిడి. పిడి మీద అడ్డగీతలు.

పిడి అడుగున... ఇనప రింగు!



ఆమె గుడ్డ కప్పేసి వెళ్లిపోయింది. గేటు కిర్రుమంది.

అది లేని పిస్టల్. ఈ భూమ్మీద ఎక్కడా లేని పిస్టల్! పొద్దున టీ తాగుతూ, గొప్ప కోసం తను కల్పించి గీసిన పిస్టల్! అదిప్పుడు ఆమె చేతిలోకి ఎలా వచ్చింది?

స్టేషన్‌లో సీజ్ చేసిన ఆయుధాల గది ఉంటుంది. దాని తాళం ఆమె దగ్గరే ఉంటుంది. బొమ్మ చూసింది. చాలాసేపు చూసింది. సరిపోయేది వెతికి తెచ్చుకుంది.

ఎందుకు?

పిల్లి చేతిలో పెట్టడానికి!

వాడు చచ్చాక!

కింద సంతకం... తనదే.

తలుపు తోసుకుని దిగాడు. పరిగెత్తాడు.

* * *

లోపల పెద్ద తొట్టి. నీళ్లు లేవు. పగిలిన టైల్స్. అడుగున, లోతు ఎక్కువగా ఉన్న వైపు, గోడకి వీపు ఆనించి ఒక మనిషి. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. బట్టతల. చొక్కా చిరిగిపోయింది. పొద్దున బైకు మీద అంత భయంకరంగా కనిపించినవాడు ఇతనేనా?

గట్టు మీద ఆమె. చేతిలో రివాల్వర్. వాడి కాళ్ల దగ్గర రింగున్న పిస్టల్.

"తీసుకో," అంటోంది.

"వద్దు మేడం."

"చేతిలోకి తీసుకోరా!"

"ముట్టుకుంటే కాలుస్తారు మేడం. ఇన్నేళ్లు మీకు ఇన్‌ఫార్మర్‌గా చేశాను. మీ పని నాకు తెలీదా?" వాడి గొంతు టైల్స్‌కి తగిలి తిరిగొస్తోంది. "నేనెవరికీ చెప్పను మేడం! ఆ డ్రైవర్ని మీరు కొట్టడం నేను చూళ్లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. వాడు చచ్చాక తలుపు తీసి మీరే పొమ్మన్నారు. పోయాను. ఇంకా ఎక్కడికి పొమ్మంటారు?"

అతని కాలికి ఖాళీ డబ్బా తగిలింది. ఖణేల్!

ఆమె గిర్రున తిరిగింది. రివాల్వర్ గొట్టం సూటిగా అతని ఛాతీ మీదకి!

"మిమ్మల్ని బండిలో ఉండమన్నానా!"

అది అతనికి తెలిసిన గొంతు కాదు. మరుక్షణమే రివాల్వర్ మళ్లీ పిల్లి వైపు తిరిగింది.

"ఆ పిస్టల్ నాది," అన్నాడతను. "నేను గీసింది. పొద్దున వీడి చేతిలో ఏమీ లేదు."

"తెలుసు."

"వీణ్ణి చంపడానికి నన్నెందుకు తీసుకొచ్చావు?"

ఆమె చూపు పిల్లి మీదే ఉంది.

"చెప్పు!"

"ఎంక్వైరీ వేస్తారండీ." ఆమె గొంతు అలిసిపోయింది. "కావాలని చంపావా అని అడుగుతారు. మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఎవరైనా హత్య చెయ్యడానికి వెళ్తారా అంటాను. అంతే. ఇంకో ప్రశ్న అడగరు."

ఇస్త్రీ చొక్కా. నిద్రలేని రాత్రి. బాబాయ్ మాటకి వెలిగిపోయిన మొహం.

"మరి మధ్యాహ్నం?" అన్నాడు. "నా భుజం మీద నిద్రపోయావే! అదీ ఎంక్వైరీ కోసమేనా?"

"కాదు!" వెంటనే వచ్చింది. "అది కాదండీ."

నమ్మాడు. అదే అసలు బాధ.

"ఒక్క దెబ్బ కొట్టాను. మూడు రాత్రులు నిద్రలేదు. పాప బతికుందో లేదో తెలీదు. వాడు చెప్పట్లేదు. వాడికి తెలిస్తేగా చెప్పడానికి! తల వెళ్లి ఊచలకి తగిలింది..." ఆమె కళ్లలో నీళ్లు. రివాల్వర్ మాత్రం వణకడం లేదు. "ఏవండీ, వెళ్లి బండిలో కూర్చోండి. రెండు నిమిషాలు. తర్వాత ఇంటికెళ్దాం. రేపు కూడా ఇంటికొస్తాను. రోజూ వస్తాను."

రోజూ!

అతను అబద్ధమాడుకోలేదు తనతో తను. ఆ మాట కావాలి అతనికి. ఎన్నేళ్ల నుంచో కావాలి. ఒక్క క్షణం... నిజంగానే ఒక్క క్షణం... కాళ్లు జీపు వైపు తిరిగాయి.

"సార్..."

పిల్లి పిలిచాడు. అందులో కోపం లేదు. బతిమాలడం కూడా లేదు.

"నా చేతిలో గన్ చూశానని చెప్పారట కదా సార్. మేడమే ఇందాక చెప్పింది. నిజంగా చూశారా?"

అతను మెట్లు దిగాడు. ఒక్కో మెట్టే. పగిలిన టైల్స్ చెప్పుల కింద కరకరమన్నాయి. వెళ్లి పిల్లికి అడ్డంగా నిలబడ్డాడు. భార్య వైపు మొహం పెట్టి.

"జరగండి!"

"జరగను."

"ఏవండీ!"

"ఇద్దరం వెళ్లి చెప్పేద్దాం. నీది నువ్వు చెప్పు. నాది నేను చెబుతాను. జైలుకి పంపితే వెళ్దువుగాని. వారం వారం వస్తాను. ఇప్పుడు నువ్వు నాకు కనిపించే రోజులకంటే అవే ఎక్కువ."

ఆమె మొహం ఎలాగో అయిపోయింది. నవ్వా, ఏడుపా? రివాల్వర్ మెల్లిగా కిందకి దిగింది. ఇంకొంచెం దిగింది.

"మీరెప్పుడూ ఇంతే," అంది.

అతనికి ఊపిరొచ్చింది. అయిపోయింది. ఆమె దిగొస్తుంది. ఈ మెట్ల మీదే కాసేపు కూర్చుంటారు. తర్వాత బాబాయ్‌కి ఫోన్ చేస్తారు.

ఆమె చూపు అతని భుజం మీంచి వెనక్కి జరిగింది.

కళ్లు పెద్దవయ్యాయి.

"ఏవండీ! కింద కూర్చోండి! వాడి చేతిలో గన్ ఉంది!"

అతను తల అడ్డంగా ఊపాడు.

"లేదు. పొద్దున కూడా లేదు."

"నిజం చెబుతున్నాను! తప్పుకోండి!"

"నీ మాటలు ఇంక నమ్మను."

రివాల్వర్ పైకి లేచింది. గురి... అతని చెవి పక్కనుంచి. గట్టు మీంచి ఆమెకి సగం పిల్లి కనిపిస్తున్నాడు. సగానికి మొగుడి తల అడ్డం. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

బిగిసి... ఆగిపోయింది.

ఢాం!

తొట్టి మొత్తం మోగింది. చెవులు గింగురుమన్నాయి.

అతను తన ఛాతీ తడుముకున్నాడు. ఏమీ లేదు. నెత్తురు లేదు. నొప్పి లేదు.

వెనక్కి తిరిగాడు.

పిల్లి. రెండు చేతులతో పిస్టల్ పట్టుకుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. గొట్టం నుంచి పొగ.

"కాల్చేసేది సార్..." అన్నాడు కళ్లు తెరుస్తూ. "మీరు జరిగితే నన్ను కాల్చేసేది సార్..."

పిస్టల్ విసిరేశాడు. నిచ్చెన పట్టుకుని ఎగబాకాడు. గోడ దూకిన చప్పుడు. అంతే.

గట్టు మీద ఆమె కూర్చుంటోంది. బాగా అలిసిపోయినవాళ్లు కూర్చున్నట్టు మెల్లిగా. తర్వాత పక్కకి ఒరిగిపోయింది.

మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఖాకీ చొక్కా నల్లగా తడుస్తోంది. చేత్తో అదిమాడు. వేళ్ల సందుల్లోంచి వచ్చేస్తోంది!

"ఏవండీ..." ఆమె పెదాలు కదిలాయి. "మీకు తగిలిందా?"

"లేదు. నాకేం కాలేదు. నాకేం కాలేదు!"

"హమ్మయ్య," అంది.

ఇంకేదో అంటుందని వంగాడు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. కేకలు వేశాడు. ఎవర్నో పిలిచాడు. ఎవరూ రాలేదు. రమ్మని ఆమె ఎవరికీ చెప్పలేదు కదా!

ఆమె వేళ్లు రివాల్వర్‌ని ఇంకా వదల్లేదు. ఒక్కొక్కటే విడదీసి తీశాడు.

పేలని గొట్టం చల్లగా ఉంది.